పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు: వాటా అడిగిన ఐదుగురు అక్కచెల్లెళ్లు

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనములు. నా భర్త చనిపోయి ఏడాదిన్నర అయింది. పదకొండేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు ఉన్నారు. మిషను కుట్టి ఇల్లు గడుపుకొంటున్నాను. మా అత్తమామలు మావారి కంటే ఎంతో ముందే గతించారు. వారికి ముగ్గురు కొడుకులే, ఆడపిల్లలు లేరు. మామగారి పేరున ఉన్న మూడెకరాల అరవై సెంట్ల భూమిని అన్నదమ్ములు ఇంతవరకు పంచుకోలేదు. ఇప్పుడు మా బావగారు, మరిది కలిసి ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమంటున్నారు. ఆ భూమిలో నాకు గాని, పిల్లలకు గాని ఏ హక్కూ లేదని అందులో ఉంది. పెట్టనంటే ఊళ్లో ఎలా బతుకుతావో చూస్తామన్నారు. వచ్చే నెల పెద్దమనుషుల ముందు కూర్చోబెడతారట. అక్కడ నోరు విప్పాలనుకొంటేనే నాకు కాళ్లూ చేతులూ ఆడడం లేదు. పాస్టరు గారితో చెప్పుకొంటే, దేవుడు మనకు పిరికితనముగల ఆత్మ నియ్యలేదని, భయపడుతున్నానంటే నాలో విశ్వాసం లేదని అన్నారు. బావగారు కూడా మా సంఘంలోనివారే గనుక, సహోదరుని మీద న్యాయస్థానానికి వెళ్లడం వాక్యవిరుద్ధమని పెద్దలు చెప్పారు. ఉపవాసముండి ప్రార్థిస్తున్నాను గాని భయం పోవడం లేదు. ధైర్యం ఎలా వస్తుంది?
— పేరు ప్రచురించవద్దన్న సహోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, ముందు భయం పోవాలి, ఆ తరువాతే ధైర్యం రావాలి అన్న లెక్క మీ ప్రశ్నలో ఉంది. మీకు బోధించినవారి మాటలోనూ అదే ఉంది. లేఖనంలో మాత్రం ఆ లెక్క నాకు కనబడలేదు. మీ పాస్టరు గారు ఎత్తి చూపిన రెండవ తిమోతి 1:7ను నిదానంగా మరొకసారి చదవండి. మన తెలుగు బైబిలు అక్కడ ‘భయము’ అనలేదు, ‘పిరికితనము’ అన్నది, మూలంలోని గ్రీకు మాటకు అదే సరైన అర్థం. భయం మనిషికి తనంతట తాను కలుగుతుంది, దానికి లొంగి చేయదగిన పనిని వదిలివేసినప్పుడే అది పిరికితనమవుతుంది. ఇంటికి వచ్చి బెదిరించినా మీరు ఆ కాగితం మీద ఇంతవరకు సంతకం పెట్టలేదు గనుక, ఆ వచనం మీ మీద నేరం మోపుతున్నదని నేననుకోను. ఆ మాట రాసిన పౌలే, కొరింథుకు వచ్చినప్పుడు తాను బలహీనతతో, భయంతో, ఎంతో వణుకుతో ఉన్నానని దాచుకోకుండా చెప్పుకొన్నాడు (1 కొరింథీ 2:3). గెత్సేమనేలో మన ప్రభువు మిగుల విభ్రాంతి నొందాడని, చింతాక్రాంతుడయ్యాడని మార్కు రాశాడు. ఆ రాత్రి ఆయన ముగ్గురు శిష్యులను వెంటబెట్టుకొని వెళ్లి, తనతో మెలకువగా ఉండమని అడిగాడు. భయమే అవిశ్వాసమైతే ఈ పుటలను బైబిలులోనుంచి తీసివేయవలసి ఉంటుంది.

మీకు వచ్చినటువంటి కష్టమే వచ్చినవారు బైబిలులో ఉన్నారు. దావీదు గొల్యాతుల కథను ఏడాదికి నాలుగుసార్లు చెప్పే బోధకులు కూడా వారి సంగతి ఎందుకో ఎత్తరు. సంఖ్యాకాండము 27వ అధ్యాయం తెరవండి. ఇశ్రాయేలీయులు యొర్దానుకు ఇవతల, యెరికోకు ఎదురుగా, మోయాబు మైదానాలలో దిగి ఉన్నారు. జనసంఖ్య లెక్కింపు అప్పుడే ముగిసింది. ఇరవై ఏళ్లు పైబడిన మగవారు 6,01,730 మంది అని తేలింది. ఆ పేర్ల లెక్కనే కనాను భూమిని పంచాలన్నది ఆజ్ఞ. మనష్షే గోత్రానికి చెందిన సెలోపెహాదు అనే అతడు అప్పటికే అరణ్యంలో చనిపోయాడు, అతనికి కొడుకులు లేరు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని ఐదుగురు కుమార్తెలు మాత్రమే ఉన్నారు. కొడుకులు లేరు గనుక ఆ ఇంటి పేరు పంపకంలో ఉండదు. ఆ ఐదుగురూ ప్రత్యక్ష గుడారము ద్వారం దగ్గరకు వెళ్లి, మోషే ఎదుట, యాజకుడైన ఎలియాజరు ఎదుట, ప్రధానుల ఎదుట, సర్వసమాజం ఎదుట నిలబడ్డారు. మీకు భయం కలిగిస్తున్న పెద్దమనుషుల కూటమి కంటే అది చాలా పెద్ద సభ.

వారు ఏమి మాట్లాడారో గమనించండి. తండ్రి అరణ్యంలో మరణించాడన్నారు. కోరహుతో కలిసి తిరుగుబాటు చేసినవారిలో అతడు లేడని, తన పాపం వలననే చనిపోయాడని అన్నారు. అతనికి కుమారులు లేరన్నారు. కుమారులు లేనంత మాత్రాన మా తండ్రి పేరు అతని వంశంలోనుంచి ఎందుకు మాసిపోవాలని అడిగి, తండ్రి సహోదరులతో పాటు మాకు స్వాస్థ్యమిమ్మన్నారు. మాట అంతటితో ముగిసింది. పినతండ్రులను ఒక్క మాట కూడా అనలేదు, తండ్రి తప్పును కప్పిపుచ్చలేదు. జరిగింది చెప్పి, ఒక ప్రశ్న అడిగి, కావలసింది కోరుకొన్నారు. మోషే వారిని గద్దించలేదు, తనకు తోచిన తీర్పు చెప్పి పంపివేయనూ లేదు, ఆ సంగతిని యెహోవా సన్నిధికి తీసుకొనిపోయాడు. సెలోపెహాదు కుమార్తెలు చెప్పినది యుక్తమని దేవుడు సెలవిచ్చి, వారి పక్షాన ఇచ్చిన ఆ తీర్పును ఇశ్రాయేలీయులందరికీ కట్టడగా నియమించాడు.

వారికి ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చింది? వారు గుండె నిబ్బరం గలవారని గాని, వణకలేదని గాని ఎక్కడా రాయలేదు. అదే గ్రంథంలో 13వ అధ్యాయం చూడండి. కనానును నలభై దినాలు తిరిగి చూసిన పన్నెండుగురిలో పదిమంది, ద్రాక్షగెలను కఱ్ఱ మీద ఇద్దరు మోసుకొని వచ్చినవారే, ఆ దేశస్థుల ముందు తమ కళ్లకు తాము మిడతల వలె ఉన్నామన్నారు. నేలను కళ్లారా చూసినవారి మాట అది. ఈ అక్కచెల్లెళ్లు దానిని చూడనైనా లేదు. యొర్దానుకు అవతల ఒక్క సెంటు కూడా ఇంకా ఎవరి చేతికీ రాలేదు. అయినా అందులో తమ వాటా ఎంతో తేల్చమని అడిగారు. ఇస్తానన్నవాడు ఇచ్చి తీరతాడని నమ్మితే తప్ప అలా అడగలేరు. విశ్వాసం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను, చెప్పాను కూడా. ఈ ఐదుగురు అడిగిన వాటా అంత సూటిగా విశ్వాసాన్ని నాకు చూపించినవి తక్కువ.

అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. వారి వ్యవహారం ఒక్కసారికే తేలలేదు. 36వ అధ్యాయంలో వారి వంశపు పెద్దలే వచ్చి, వీరు వేరే గోత్రాలలో పెండ్లాడితే భూమి చేయి దాటిపోతుందని అభ్యంతరం చెప్పారు, తండ్రి గోత్రంలోనే పెండ్లాడవలెనన్న షరతు పడింది. మోషే గతించి, యొర్దాను దాటి, యుద్ధాలు జరిగిన తరువాత కూడా భూమి వారికి ఊరికే దక్కలేదు, యెహోషువ దగ్గరకు, ఎలియాజరు దగ్గరకు మళ్లీ వెళ్లి, మాకు స్వాస్థ్యమివ్వవలెనని యెహోవా మోషేకు ఆజ్ఞాపించాడని గుర్తు చేయవలసి వచ్చింది (యెహోషువ 17:4). మీరూ ఒకటికి రెండుసార్లు అడగవలసి రావచ్చు. మొదటి రోజున మాట తడబడినంత మాత్రాన ఓడిపోయానని అనుకోవద్దు.

ప్రార్థిస్తున్నానని రాశారు. మానవద్దు. పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యా కూడా షూషను కోటలో కిస్లేవు మాసం మొదలుకొని నీసాను మాసం వరకు, అంటే దాదాపు నాలుగు నెలలు, యెరూషలేము కోసం ఉపవాసముండి ప్రార్థించాడు. అయినా రాజు, నీ ముఖం ఎందుకు చిన్నబోయి ఉన్నదని అడిగిన నాడు అతనికి మిగుల భయం కలిగింది (నెహెమ్యా 2:2). నాలుగు నెలల ప్రార్థన అతని భయాన్ని తీసివేయలేదు గాని, ఏమి అడగాలో అతనికి తెలిసేటట్లు చేసింది. అక్కడికక్కడే మనసులో దేవునికి మొరపెట్టుకొని నోరు విప్పాడు. యెరూషలేమును తిరిగి కట్టడానికి పంపమన్నాడు, ఎన్నాళ్లు పడుతుందో గడువు చెప్పాడు, నది అవతలి అధికారులకు తాకీదులు ఇమ్మన్నాడు, గుమ్మాల దూలాలకు మ్రాను ఇచ్చేటట్లు రాజుగారి అడవిని కాచే ఆసాపుకు ఒక ఉత్తరం కావాలన్నాడు. భక్తి గలవాడు కాగితాల జోలికి పోకూడదనుకొనేవారు ఈ అధ్యాయాన్ని చదవాలి. శత్రువులు చుట్టుముట్టినప్పుడు కూడా అతడు, మేము దేవునికి ప్రార్థన చేసి, రాత్రింబగళ్లు కావలి ఉంచితిమి అని రెండింటినీ ఒక్క వచనంలోనే చెప్పాడు (4:9).

కాబట్టి మీరు ఉంచవలసిన కావలి ఏమిటో చెబుతాను. మీ కుటుంబం క్రైస్తవ కుటుంబం గనుక, వీలునామా లేని ఆస్తికి సాధారణంగా 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని 33వ సెక్షను ప్రకారం, పిల్లలున్న భర్త మరణిస్తే అతని వాటాలో మూడో వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు చెందుతాయి. మీరు రాసినదే సరైతే, మూడెకరాల అరవై సెంట్లలో మీవారి వాటా ఎకరం ఇరవై సెంట్లు; అందులో నలభై సెంట్లు మీవి, నలభై పాపవి, నలభై బాబువి. మైనర్ల వాటాను వదులుకోవాలంటే కోర్టు అనుమతి కావాలి, ఈ సంగతిని న్యాయవాదితో ప్రత్యేకంగా మాట్లాడండి. మీవారి మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మామగారి పేరున ఉన్న పాసు పుస్తకం నకలు, అడంగల్ నకలు ఒక సంచిలో పెట్టుకొని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు. ఫోనులో అడగాలంటే 15100. బెదిరింపులు మాటలను దాటితే 112కు గాని, మహిళల సహాయ సంఖ్య 181కి గాని వెంటనే చెప్పండి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇక మీ సంఘపెద్దల మాట. మొదటి కొరింథీ 6వ అధ్యాయం సహోదరులు ఒకరిమీద ఒకరు వ్యాజ్యెమాడడాన్ని గద్దిస్తున్నది నిజమే. అయితే ఆ అధ్యాయంలో పౌలు ముందుగా తప్పు పట్టింది సంఘాన్నే. సహోదరుల మధ్య వ్యాజ్యెము తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒకడైనను లేడా అని అతడు అడిగాడు. అన్యాయం చేస్తున్నవారే సహోదరులని కూడా అక్కడే అన్నాడు (6:8). వచనాలు చదివేటప్పుడు ఆ రెండింటినీ దాటవేసి, విధవరాలికి మాత్రం వ్యాజ్యెము వద్దని చెప్పడం నాకు బాధ కలిగిస్తుంది. మీరు పెద్దలకు ఒక ఉత్తరం రాసి, మా ఇద్దరినీ పిలిచి విని తీర్పు చెప్పండని అడగండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. వారు పూనుకొంటే మంచిదే. పూనుకోకపోతే, దావా వేయకముందే రాజీ కోసం లోక్ అదాలతుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి కోర్టు రుసుము ఉండదు. న్యాయం కోసం పౌలే కైసరు ఎదుట చెప్పుకొంటానన్నాడు. బావగారిని మీరు క్షమించవచ్చు, క్షమించాలి కూడా. క్షమించడానికీ పిల్లల పొలం రాసివ్వడానికీ సంబంధం లేదు. మీ నలభై సెంట్లు కావాలంటే వదులుకోండి, వారి ఎనభై సెంట్లు వదులుకొనే అధికారం తల్లిగా మీకు లేదు.

పెద్దమనుషుల దగ్గరకు ఒంటరిగా వెళ్లవద్దు. ఆ అక్కచెల్లెళ్లు ఐదుగురూ కలిసే వెళ్లారు. స్త్రీల సమాజంలోనుంచి నోరున్న పెద్దావిడనొకరిని, మీ పుట్టింటివారిలో ఒకరిని వెంట తీసుకొనిపొండి. చెప్పదలచిన నాలుగు మాటలు కాగితం మీద రాసుకొని, గొంతు వణికితే అది చూసి చదవండి. సభలో ఏ కాగితమిచ్చినా అక్కడ సంతకం పెట్టకుండా, న్యాయవాదికి చూపించి చెబుతానని మాత్రం అనండి. ఏ తేదీన కూర్చోబెడతారో తెలిసిన వెంటనే మాకు ఒక కార్డు రాయండి.

ప్రశ్న: బైబిలులో ‘భయపడకుము’ అనే మాట రోజుకొకటి చొప్పున సరిగ్గా 365 సార్లు ఉన్నదని మా యువజన కూడికలో చెప్పారు. నిజమేనా?
— ఒక డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: వినడానికి బాగుంటుంది గాని నిజం కాదు. పదకోశం పట్టుకొని లెక్కపెట్టినవారికి అంతకు చాలా తక్కువే దొరికాయి, అనువాదాన్నిబట్టి సంఖ్య మారుతుంది కూడా. లెక్క తప్పినంత మాత్రాన మనం పోగొట్టుకొనేది ఏమీ లేదు. ఆ మాట ఎవరితో, ఏ సమయంలో పలికాడో చూస్తే ఎక్కువ మేలు. బెయేర్షెబా అరణ్యంలో తిత్తిలోని నీళ్లు అయిపోయి, బిడ్డను పొద క్రింద పడుకోబెట్టి, వాడి చావు చూడలేక దూరంగా కూర్చొని ఏడుస్తున్న హాగరుతో దేవుడు ఆ మాట అన్నాడు. కూతురు చనిపోయింది, బోధకుని ఇంకా ఎందుకు శ్రమపెడతావని ఇంటినుంచి కబురు వచ్చిన క్షణాన యేసు యాయీరుతో ఆ మాట అన్నాడు. పద్నాలుగు రాత్రులు సముద్రంలో కొట్టుకొనిపోయిన ఓడలో, 276 మంది ప్రాణాలు దక్కుతాయన్న ఆశ వదులుకొన్నప్పుడు దేవదూత పౌలుతో ఆ మాట అన్నాడు. ఆ తరువాత కూడా గాలి తగ్గలేదు, ఓడ పగిలిపోయింది. ఈత వచ్చినవారు ఈదుకొంటూ, రానివారు పలకలు పట్టుకొని మెలితే ద్వీపపు ఒడ్డుకు చేరారు. భయపడకుమన్న మాట వినగానే తుపాను ఆగిపోతుందని మీ కూడికలో ఎవరైనా చెబితే అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదివించండి.

ప్రశ్న: నాకు యాభై ఎనిమిదేళ్లు. గుండెకు బైపాస్ ఆపరేషను చేయాలన్నారు. ప్రార్థన చేయడానికి వచ్చిన ఒక సహోదరుడు, నీకు విశ్వాసముంటే కత్తి అక్కరలేదన్నాడు. మా ఆవిడ ఆపరేషను చేయించుకోమంటున్నది. నాకు రెండింటికీ భయంగానే ఉన్నది.
— విశ్రాంత ఉద్యోగి, నిజామాబాదు

జవాబు: మీ శ్రీమతి గారి మాట వినండి. యూదా రాజైన హిజ్కియా మరణకరమైన రోగంతో పడుకొని ప్రార్థించినప్పుడు, నీ ప్రార్థన వింటినని దేవుడు చెప్పి పంపాడు, ఆ వర్తమానం తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద వేయించాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే. తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసివేయమని పౌలు ముమ్మారు వేడుకొన్నా అది పోలేదు. అతనికి విశ్వాసం చాలలేదని మీ సహోదరుడు అంటాడా? రాజు నిలిపిన ప్రతిమకు మ్రొక్కకపోతే అగ్నిగుండంలో వేస్తానన్నప్పుడు షద్రకు, మేషాకు, అబేద్నెగోలు కూడా, మా దేవుడు మమ్మును రక్షింప సమర్థుడు అన్న తరువాత, ఒకవేళ ఆయన రక్షింపకపోయినా ప్రతిమకు మ్రొక్కబోమని చెప్పారు గాని, తప్పక రక్షిస్తాడని పందెం వేయలేదు. డాక్టరు గారిని మీ అనుమానాలన్నీ అడగండి, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ చెప్పండి, భయంగా ఉన్నదన్న మాటను కూడా దాచవద్దు.

56వ కీర్తన ఎప్పుడు పుట్టిందో దాని పైనున్న శీర్షిక చెబుతుంది: ఫిలిష్తీయులు గాతులో దావీదును పట్టుకొన్నప్పుడు. గాతు గొల్యాతు ఊరు. గొల్యాతును పడగొట్టిన ఆ దావీదే, కొన్నేళ్లకు అదే ఊరికి పారిపోయి వచ్చి, ఆకీషు రాజుకు బహుగా భయపడి, వెఱ్ఱివానివలె గడ్డం మీద ఉమ్మి కార్చుకొన్నాడు (1 సమూయేలు 21). నాకు భయము కలుగు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను అన్నది ఆ మనిషి ప్రార్థన. ఆపరేషను నాటి ఉదయం మీ శ్రీమతి గారిని ఆ కీర్తన చదవమనండి. పదమూడు వచనాలే, స్ట్రెచరు వచ్చేలోగా అయిపోతుంది.